చప్పుడు చేసిన తప్పేమిటి?



ముప్పయ్యేళ్లకు పైగా తరగతి గదిలో నిలబడి "సద్దు చేయకండర్రా" అని బల్ల మీద బెత్తంతో కొట్టినవాణ్ణి. అట్టివాడు ఈనాడు చప్పుడు తరఫున వకాల్తా పుచ్చుకొని మీ ముందు నిలవడం మీకు వింతగానే తోచవచ్చు. తోచనివ్వండి. కొన్నాళ్లుగా మనసులో ఉడుకుతున్న సంగతి ఇది. వ్రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

అమెరికాలో ఇంజనీరింగు చదువుతున్న మా మేనకోడలి కొడుకు, నాకు మనవడి వరస, ఆ మధ్య ఒక ఉత్తరం వ్రాశాడు. వాడూ వాడి స్నేహితులూ కలిసి ప్లాస్టిక్కు గొట్టంతో ఒక తుపాకి తయారుచేశారట. గొట్టంలోకి బంగాళాదుంపను దట్టించి, వెనుక అరలో మండే ఆవిరి నింపి, నిప్పురవ్వ తగిలిస్తే దుంప మైదానం దాటి పోతుందట. ఆ దేశంలో ఇది చిరకాలపు వేడుకే. పెరటి దొడ్లలోనూ పొలాల్లోనూ సరదాగా పేలుస్తుంటారు. ఇక వాడి గోడు వినండి. "తాతయ్యా, గురి బాగుంది, దూరం బాగుంది, చప్పుడొక్కటే చిక్కు. ఇరుగుపొరుగువాళ్లు గొడవ చేస్తున్నారు. చప్పుడు తగ్గించే సాధనమొకటి ఆలోచిస్తున్నాం. దానికి మంచి తెలుగు పేరు పెట్టు."

గమనించారా? వాడు నన్నడిగింది సలహా కాదు, పేరు. తెలుగు పండితుడి పని నామకరణం వరకేనని వాడి అభిప్రాయం. పదాలు పుట్టించడమంటే మన బ్లాగర్లకున్న సరదా నాకు తెలుసు, నాకూ ఉంది. దుంపతుపాకికి పేరు పెట్టడం పెద్ద పనేమీ కాదు. కోస్తావారికి బంగాళాదుంప, రాయలసీమవారికి ఉర్లగడ్డ, తెలంగాణవారికి ఆలుగడ్డ. దానికి చివర 'శతఘ్ని' తగిలిస్తే సరి. సుందరకాండలో లంక ప్రాకారాల మీద కనిపించే ఆయుధం పేరది. నూరుగురిని చంపేది అని దాని వ్యుత్పత్తి. ఆ వ్యుత్పత్తి గుర్తుకు వచ్చేసరికి నాకు సరదా చచ్చింది. "నీ దుంప తెగ" అని మన పెద్దలు ముద్దుగా తిట్టే తిట్టు ఒక్కటి వ్రాసి, పేరు పెట్టనని చెప్పాను. ఎందుకు పెట్టనో చెప్పడానికే ఈ టపా.

ముందుగా పొరుగువారి పక్షం ఒప్పుకుంటాను. వారి ఫిర్యాదు న్యాయమైనది. చప్పుడు హాని చేయదని నేననను. ఒక్కసారిగా పేలే చప్పుడుకు పెద్దల చెవి తట్టుకోగల హద్దు 140 డెసిబెల్లు, పిల్లల చెవికి 120 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. డెసిబెల్లు లెక్క మామూలు కూడికల లెక్క కాదు; పది పెరిగితే శక్తి పదింతలవుతుంది, ఇరవై పెరిగితే నూరింతలు. లోపలి చెవిలో ధ్వనిని పట్టే సూక్ష్మకేశాల వంటి కణాలు ఒకసారి చచ్చిపోతే మనిషికి మళ్లీ మొలవవు. మన దేశంలో 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు అని హద్దు గీశాయి. దీపావళి టపాకాయకు కూడా పేలిన చోటినుంచి నాలుగు మీటర్ల దూరాన 125 డెసిబెల్లకు మించరాదన్న నిబంధన ఉన్నది. అది ఎవరు పాటిస్తున్నారని మాత్రం అడగకండి.

అయితే పొరుగువాడు "చప్పుడు" అని ఫిర్యాదు చేసినప్పుడు అతడు నిజంగా చెబుతున్నది ఏమిటి? "నా ఇంటి పక్కన ఏదో పేలుతున్నది, నాకు భయంగా ఉన్నది" అని. చెవికి అందింది చప్పుడు గనుక చప్పుడు పేరు చెప్పాడు. దానికి "సరే, ఇకమీదట మీకు వినపడకుండా పేలుస్తాం" అనడం జవాబవుతుందా? దొంగతనం ఆపమంటే చెప్పులు విడిచి నడుస్తాననడం వంటిది కాదా అది?

ఇక ఆ చప్పుడు ఎక్కడినుంచి పుడుతున్నదో చూడండి. గొట్టంలో కూడిన వేడి వాయువు దుంపను ముందుకు నెట్టుకుంటూ వచ్చి, గొట్టం నోరు దాటగానే ఒక్కసారిగా బయటి గాలిలోకి విచ్చుకుంటుంది. ఆ విచ్చుకోవడమే ఢాం అని మనకు వినిపించేది. అంటే దుంపకు పెట్టిన ఖర్చు పోను మిగిలిన శక్తిలో కొంతభాగం మాత్రమే చప్పుడు. దాన్ని ఎంత అణచినా అప్పటికే గొట్టం దాటిపోయిన దుంప వేగం తగ్గదు, గొట్టం గోడల మీద పడే ఒత్తిడి తగ్గదు, వెనుక మండే మంట తగ్గదు. పైగా ఆ నోటి దగ్గర తగిలించిన సరంజామాలో దుంప ముక్క ఇరుక్కున్నదా, ఒత్తిడి వెనక్కు తిరుగుతుంది. వెనుక ఎవరున్నారు? గొట్టం పట్టుకున్నవాడు.

దుంపే కదా అని తేలిగ్గా తీసుకుంటారు గనుక ఒక చిన్న లెక్క చెబుతాను. తెలుగు మాస్టారు చేసిన లెక్క అని నవ్వకండి, సరిచూసుకోవచ్చు. 200 గ్రాముల దుంప సెకనుకు 50 మీటర్ల వేగంతో పోతున్నదనుకుందాం. దాని శక్తి 250 జౌళ్లు. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్టు బంతికి ఉండేది సుమారు 120. వేగవంతులైన బౌలర్ల బంతికి రెట్టింపు దెబ్బ. ఆ బంతిని ఎదుర్కొనేవాడు శిరస్త్రాణం పెట్టుకొని, తొడుగులు తొడుక్కొని, బంతి వస్తున్నదని తెలిసి నిలబడతాడు. దుంపకు ఎదురైన వాడికి ఏమి తెలుసు? వాడికున్న హెచ్చరిక ఆ చప్పుడొక్కటే. దాన్ని కూడా తీసేస్తారా?

గొట్టం మాట మరిచిపోకూడదు. మన బజారులో దొరికే పీవీసీ గొట్టం మీద ఐఎస్ 4985 అని అచ్చు ఉంటుంది. అది మంచినీళ్ల కోసమని అర్థం. నీటిని నొక్కితే నొక్కుడు పడదు. గొట్టం పగిలితే నీరు కారి ఊరుకుంటుంది. వాయువు అలా కాదు. స్ప్రింగులా శక్తిని దాచుకుంటుంది. గొట్టం పగిలిందంటే ఆ ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి. ఎండకూ చలికీ ఆ ప్లాస్టిక్కు పెళుసెక్కుతుంది కూడా. అమెరికా కార్మిక భద్రతా శాఖ 1988లోనే, గాలినీ వాయువులనూ ఒత్తిడితో పంపడానికి పైకి కనిపించే పీవీసీ గొట్టాలు వాడవద్దని హెచ్చరిక జారీ చేసింది. అది కర్మాగారాల్లో నిలకడగా ఉండే ఒత్తిడి గురించి; పేలుడు సంగతి వేరే చెప్పాలా?

మన వంటింట్లో ప్రెషర్ కుక్కరు ఉంటుంది. అదీ కూత పెడుతుంది. మనవలు నిద్రపోతున్నారని ఏ ఇల్లాలైనా వెయిటు మీద రోలు పొత్రం తెచ్చి పెడుతుందా? పెట్టదు. ఆ కూతే తన ప్రాణానికి పూచీ అని ఆమెకు తెలుసు. పైగా వెయిటు మొరాయిస్తే కరిగిపోయే సేఫ్టీ వాల్వు ఒకటి మూతలో వేరే ఉంటుంది. చదువుకున్న కుర్రవాళ్లు కట్టిన గొట్టానికి ఆ రెండూ లేవు. ఉన్న ఒక్క కూతా వాళ్లకు చిరాకు.

చట్టం మాటకు వద్దాం. మన 1959 నాటి ఆయుధాల చట్టం తుపాకిని నిర్వచించిన తీరు చదివితే ఆశ్చర్యం వేస్తుంది. పేలుడు పదార్థం వల్ల గాని, మరే విధమైన శక్తి వల్ల గాని, ఏ రకపు వస్తువునైనా విసిరేలా తయారైన ఆయుధమంతా అందులోకి వస్తుంది. సీసపు గుండే కావాలని లేదు. అంతకంటె ముఖ్యం, అటువంటి ఆయుధపు చప్పుడునో మెరుపునో తగ్గించడానికి తయారైన ఉపకరణం కూడా ఆ నిర్వచనంలోనే తుపాకిగా లెక్క. ఆ వాక్యం వ్రాసినవారు బంగాళాదుంపను ఊహించి ఉండరు. అయినా న్యాయస్థానంలో నిలబడి "అయ్యా, ఇది కూరగాయ" అని వాదించే ముచ్చట మనకెందుకు? అమెరికాలో దుంపతుపాకిని సాధారణంగా ఆయుధంగా పరిగణించరు. కాని సైలెన్సర్ల సంగతి వేరు, వాటిని 1934 నుంచీ ప్రత్యేక చట్టం కింద ఉంచారు. మసాచుసెట్సులో ఒక మనిషి గాలితుపాకికి అమర్చిన అటువంటి పరికరం వల్ల 2006లో దోషిగా తేలి, అది గాలితుపాకి కోసమేనని పై న్యాయస్థానం 2010లో తీర్పు కొట్టివేసే దాకా నానా యాతన పడ్డాడు. గొట్టం నేరం కాకపోయినా దాని నోటికి కట్టిన గుడ్డ నేరమయ్యే చోట మా వాడు ఉన్నాడన్నమాట. ఎందుకిలా? చప్పుడు చేసేవాడు బయటపడి ఉన్నాడు. చప్పుడు దాచేవాడు ఏదో దాస్తున్నాడు అని లోకం అనుకుంటుంది. ఆ అనుమానంలో నాకు తప్పు కనబడదు.

ఇది అమెరికా కుర్రకారు సంగతి, మనకేమిటి అంటారేమో. ఆ గొట్టమే మన ఊళ్లకూ వచ్చింది, దుంప లేకుండా. మొక్కజొన్న, వేరుశనగ, కూరగాయలు వేసే రైతులు కోతులనూ అడవిపందులనూ తోలడానికి పీవీసీ గొట్టంలో కార్బైడు ముక్క వేసి, నీటిచుక్క తగిలించి పేలుస్తున్నారు. కార్బైడుకు నీరు తగిలితే ఎసిటిలిన్ వాయువు పుడుతుందని వోలర్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు 1862లో కనుగొన్నాడు. ఆ వాయువుతో ఒకనాడు గ్యాసులైట్లు వెలిగాయి, ఈనాటికీ వెల్డింగు జరుగుతున్నది. నెదర్లాండ్సు పల్లెల్లో కొత్త సంవత్సరానికి పాత పాలక్యానుల్లో ఇదే పేల్చి మురుస్తారు. కాయలు మాగేయడానికి వాడరాదని మన ఆహార భద్రతా నియమాలు ఎంత నిషేధించినా కార్బైడు మన సంతలో దొరుకుతూనే ఉన్నది. దొరికే వస్తువు పిల్లల చేతికి పోకుండా ఉంటుందా?

2025 అక్టోబరు దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఏమైందో మీరు చదివే ఉంటారు. ఈ గొట్టాలను బొమ్మతుపాకులని 150, 200 రూపాయలకు బజారులో అమ్మారు. మూడు రోజుల్లో 120 మందికి పైగా పిల్లలు కంటి గాయాలతో ఆసుపత్రుల్లో చేరారనీ, 14 మందికి చూపు పోయిందనీ పత్రికలు వ్రాశాయి. పండుగకు ముందే ప్రభుత్వం వీటి అమ్మకాన్ని నిషేధించిందట. నిషేధం కాగితం మీద ఉన్నది, గొట్టం బండి మీద ఉన్నది.

ఆ పిల్లల కళ్లు ఎలా పోయాయో ఒక్కసారి ఆలోచించండి. గొట్టం పేలుతుందని చూశారు, పేలలేదు. చప్పుడు రాలేదు. ఏమైందోనని నోట్లోకి తొంగి చూశారు. అప్పుడు పేలింది. అక్కడ కన్ను తీసింది చప్పుడు కాదు, రావలసినప్పుడు రాని చప్పుడు. మంటతోపాటు కంట్లో పడేది సున్నం. కార్బైడు నీటితో కలిసినప్పుడు వాయువు పైకి పోగా అడుగున మిగిలేది అదే. ఆమ్లం కంటిని పైపైన కాల్చి చాలావరకు అక్కడ ఆగుతుంది. సున్నం వంటి క్షారం ఆగదు, లోలోపలికి తినుకుంటూ పోతుంది. నల్లగుడ్డు అంచున ఉండి కంటి పైపొరను ఎప్పటికప్పుడు పుట్టించే మూలకణాలను చంపుతుంది. మన హైదరాబాదులోని ఎల్. వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు 2012లో ప్రకటించిన ఒక పద్ధతిలో, బాగున్న రెండవ కంటి అంచునుంచి చిన్న తునక తీసి, దాన్ని సన్నని ముక్కలు చేసి, కాలిన కంటి మీద నాటుతారు. గొప్ప విద్య. మన గడ్డ మీద పుట్టినందుకు గర్వించవలసిన విద్య. కాని "బాగున్న రెండవ కన్ను" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. గొట్టంలోకి తొంగి చూసే పిల్లవాడు ఒక్కోసారి రెండు కళ్లతోనూ చూస్తాడు.

ఇంతా చదివి "పంతులుగారూ, పిల్లల శాస్త్రకుతూహలాన్ని చంపేస్తున్నారు" అనే మిత్రులు ఉన్నారని తెలుసు. ఒకాయన ఫోనులో అననే అన్నాడు. అయ్యా, కుతూహలం వేరు, దొరక్కుండా ఉండాలన్న తహతహ వేరు. దుంప ఎంత వేగంతో పోతున్నదో కొలవడం శాస్త్రం. గొట్టం ఎంత ఒత్తిడికి పగులుతుందో కాగితం మీద లెక్క కట్టడం శాస్త్రం. పక్కింటివాడికి వినపడకుండా చేయడం ఏ శాస్త్రం? నేను పనిచేసిన ఒక బడిలో సైన్సు గదికి తాళం వేసి, ఇన్స్పెక్షను నాడు మాత్రమే తీసేవారు. ఆ తాళం గురించి ఒక్కనాడూ ఒక్క కలమూ కదలలేదు. పిల్లవాడు పెరట్లో గొట్టం పేలిస్తే మాత్రం కుతూహలమని కీర్తిస్తాం.

నిప్పు లేని వేడుక కావాలంటే మన పొరుగున ఉన్నది. బస్తరులోని జగదల్‌పూర్‌లో జగన్నాథుని రథయాత్రనాడు జరిగే గోంచా పండుగలో వెదురు గొట్టంలో పచ్చి కాయ దూర్చి, కర్రతో నెట్టి పేలుస్తారు. గొట్టంలో గాలి నొక్కుకుని కాయ ఎగురుతుంది. దాన్ని తుప్కీ అంటారు, ఆ చప్పుడునుంచే ఆ పేరు వచ్చిందని వారి మాట. మన 'తుపాకి' తురుష్కభాషనుంచి వచ్చిందని నిఘంటువులు చెబుతాయి. తుప్కీ దాని చుట్టమో, చప్పుడుకు పుట్టిన బిడ్డో నిఘంటుకారులు తేల్చుకోవాలి. నాకు నచ్చినది, చప్పుడును దాచకుండా పేరుగా పెట్టుకోవడం. (అక్కడైనా ముఖానికి గురిపెట్టకూడదు, ఆ మాట వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.)

తెలుగులో చప్పుడుకు ఎన్ని మాటలున్నాయో ఎన్నడైనా లెక్క పెట్టారా? అలికిడి, సడి, సద్దు, చప్పుడు, మోత, రొద, హోరు. ఒక్కొక్కటి ఒక్కొక్క సమాచారం. అలికిడి అంటే ఎవరో వస్తున్నారు. సడి అంటే ఏదో కదిలింది. రొద అంటే ఇక భరించలేం. ఎద్దు మెడలో గంట కట్టింది సంగీతం కోసం కాదు. ఇంత నిఘంటువు పోగుచేసుకున్న జాతి, చప్పుడు వినగానే కారణం వెదకడం మాని నోరు మూయించే సాధనం వెదకడం నాకు దుస్సహంగా ఉన్నది.

రైతు మాట వేరు. అతణ్ణి నేను మందలించలేను. రాత్రింబవళ్లు మంచె మీద కాపలా కాసి, వడిసెల తిప్పి, అలసిపోయి గొట్టం పట్టుకున్నాడు. పక్క కాలనీలో మేడ కట్టుకున్న ఉద్యోగస్థుడు "ఆ మోత తగ్గించమనండి" అని అర్జీ పెడతాడు. మోత తగ్గితే కోతి ఎందుకు పోతుంది? మోతకు సైతం కొన్నాళ్లకు అలవాటు పడే తెలివైన జంతువది. తెలంగాణలో నిర్మల్ దగ్గర 2020 డిసెంబరులో కోతులకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేసే కేంద్రం తెరిచారు. మంచి పని. కాని అటువంటి కేంద్రం ఒక్కటి రాష్ట్రంలోని కోతులన్నిటికీ సరిపోతుందా? అర్జీ పెట్టదలచిన ఉద్యోగస్థుడు ఆ అర్జీ అక్కడ పెట్టాలి. మా జిల్లాకు ఇటువంటిది ఇంకొకటి కావాలని, పొలాలకు సౌరకంచె సాయం కావాలని. రైతు చేతిలోని గొట్టం దానంతట అదే దిగుతుంది.

అందాకా ఆ గొట్టాలు ఊళ్లలో ఉంటాయి గనుక, పిల్లలున్న ఇళ్లవారు ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి. పేలని గొట్టం దగ్గరకు ఎవరూ పోకూడదు, ఊపకూడదు, తొంగి చూడకూడదు. ఎవరి కంట్లోనైనా కార్బైడు గాని దాని బూడిద గాని పడితే, రెప్పల చుట్టూ అంటిన పొడిని ముందు పొడిగుడ్డతో తుడిచివేసి, రెప్పలు విప్పి పట్టి, శుభ్రమైన నీటితో ధారగా అరగంట సేపు కడగండి. చెంబుతో చిలకరిస్తే చాలదు. పసరు, తల్లిపాలు, వెన్న, నూనె ఏదీ వేయకండి. కన్ను నలపనివ్వకండి. ఒకరు కడుగుతూ ఉంటే మరొకరు బండి పిలవండి. తిన్నగా కంటి ఆసుపత్రికి పోండి, దారిలో కూడా నీళ్లు పోస్తూనే ఉండండి.